చివరి మడి దాకా సిగ్నల్ వస్తుందా? ఓరుగల్లు వైపు నుంచి 6జీ లెక్క

మేడారంలో సమ్మక్క గద్దెకు చేరే సాయంత్రం ఫోను తీసి చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. కాల్ మాత్రం పోదు. జంపన్నవాగు కాడ జనంలో విడిపోయిన అక్క కోసం తమ్ముడు పదిసార్లు నొక్కుతాడు. ఒకసారి రింగు వినపడ్డట్టే ఉండి తెగిపోతుంది. ఆఖరికి పనికొచ్చేది మైకు. ‘ఫలానా మండలం, ఫలానా ఊరు, ఆకుపచ్చ చీర కట్టుకున్న ఆమె ఇక్కడ కూర్చుని ఉంది, ఆమె తాలూకు వాళ్లు వెంటనే రావాలి’ అన్న పిలుపులు రాత్రంతా వినిపిస్తూనే ఉంటాయి. జేబుల్లో 5జీ ఫోన్లు పెట్టుకున్న జనాన్ని మళ్లీ కలిపేది స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు.

గీతలు నిండుగా ఉండి కాల్ పోకపోవడంలో వింతేమీ లేదు. టవరు గొంతు ఫోనుకు ఎంత గట్టిగా వినపడుతోందో గీతలు చెబుతాయి, అంతే. టవరు దగ్గర ఖాళీ ఉందో లేదో వాటికి తెలియదు. కాల్ మొదలవ్వాలంటే ముందు ఫోను టవరును పలకరించాలి. 4జీ అయినా 5జీ అయినా ఆ పలకరింపుకు ఒక సెల్‌లో, అంటే టవరు ఒక పలకతో అందుకునే మేరలో, ఒక్కో విడతకు 64 సంకేతాలే ఉంటాయి. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే సంకేతాన్ని ఎంచుకుంటే రెండూ కలిసిపోయి టవరుకు ఏదీ అర్థం కాదు. ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ పిలవాలి. వేల ఫోన్లు ఇలా పదేపదే పిలుస్తుంటే, జాతర బస్సు తలుపు దగ్గర తోపులాటే గుర్తొస్తుంది. ఎలాగో లోపలికి ఎక్కినా సీటు దొరకదు. టవరు ఒక వైపు చూసుకునే సెక్టారు సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుందనుకుందాం. దాని కింద 5,000 ఫోన్లు ఉంటే తలా 200 కిలోబిట్లు వస్తాయి. వీడియో కాల్ సంగతి దేవుడెరుగు, ఫొటో పోవడమే కష్టం. అందుకే జాతర రోజుల్లో బండ్ల మీద తెచ్చిన తాత్కాలిక టవర్లు దించి, పెద్ద సెల్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు.

అక్కడి నుంచి అడవి లోపలికి కొన్ని కిలోమీటర్లు పోతే కష్టం తలకిందులవుతుంది. జనం ఉండరు, గీతలూ ఉండవు. మేడారంలోది చాలని బాధ, గూడెంలోది అందని బాధ. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల కింద సేద్యం చేసిన ఈ ప్రాంతానికి రెండూ పాత కథలే. తూము దగ్గర వంతు కోసం గొడవ, ఆయకట్టు చివరి మడిలో ఎండిన నారు. 6జీ మీద ఇప్పుడు నడుస్తున్న మాటల్లో ఎక్కువ భాగం చెరువు ఎంత పెద్దదవుతుందన్న దాని గురించే. ఆ నీళ్లు చివరి మడి దాకా ఎలా పోతాయన్న మాట తక్కువ. ఉత్తర తెలంగాణకు కావలసింది ఆ రెండో మాట.

6జీ ఇంకా కాగితం మీదే ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ, 2023 నవంబరులో ‘ఐఎంటీ-2030’ పేరుతో దానికి ఒక చట్రం ఖరారు చేసింది. ఆ చట్రంలో ఆరు రకాల వాడకాలున్నాయి. వేగం, నమ్మకం, లెక్కలేనన్ని పరికరాలు అనే మూడూ 5జీకి కొనసాగింపు. నెట్‌వర్క్‌లో కృత్రిమ మేధ, రేడియో తరంగాలతోనే పరిసరాలను పసిగట్టడం, అన్ని చోట్లా అందుబాటు అనేవి కొత్తవి. ఈ చివరిది చేరాలని గట్టిగా అడిగిన దేశాల్లో భారత్ ఒకటి. 2023 మార్చిలో ప్రధాని విడుదల చేసిన ‘భారత్ 6జీ విజన్’ పత్రం కూడా అందుబాటు ధర, సుస్థిరత, సర్వత్రా లభ్యత అనే మూడింటి మీదే నిలబడింది. అసలు సాంకేతిక నిర్దేశాలు రాసే వేదిక 3జీపీపీ. అది నిర్దేశాలను విడుదలల వారీగా, అంటే ఒక్కో కూర్పుగా, తెస్తుంది. దాని 20వ విడుదలలో 6జీ అధ్యయనం, 21వ విడుదలలో నిర్దేశాలు. మార్కెట్లోకి వచ్చేది 2030 ప్రాంతంలో.

అంకెల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. 5జీ గరిష్ఠ వేగం లక్ష్యం సెకనుకు 20 గిగాబిట్లు. 6జీకి 50 నుంచి 200 దాకా పరిశోధన లక్ష్యాలుగా రాసుకున్నారు. ప్రకటనల్లో కనిపించేది ఈ అంకె. అదే పత్రంలో మామూలు వాడకందారుకు అందాల్సిన వేగం 5జీలో 100 మెగాబిట్లయితే 6జీలో 300 నుంచి 500. అంటే పది రెట్లు కాదు, మూడు నుంచి ఐదు రెట్లు. ‘చదరపు కిలోమీటరుకు పది లక్షల పరికరాలు’ అన్న 5జీ మాట విని మేడారం కష్టం తీరిపోయిందనుకున్న వాళ్లూ ఉంటారు. ఆ లెక్క కట్టింది మనుషుల ఫోన్లకు కాదు. రెండు గంటలకోసారి 32 బైట్ల చిన్న కబురు పంపే నీటి మీటర్ల వంటి వాటికి. పది లక్షల మంది ఒకేసారి అమ్మవారి గద్దెను లైవ్‌లో చూపించడం దానికి పూర్తిగా వేరే పని.

ఇక తరంగాల సంగతి. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 43 సెంటీమీటర్లు, ఇంచుమించు మూరెడు. మన దేశంలో 5జీ ఎక్కువగా నడిచే 3.3 గిగాహెర్ట్జ్ పట్టీలో అది 9 సెంటీమీటర్లు, బెత్తెడు. 2022 వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ తరంగం గోరంత. 6జీ పరిశోధనల్లో తరచూ వినిపించే 140 గిగాహెర్ట్జ్ దగ్గర రెండు మిల్లీమీటర్లు, బియ్యపు గింజ మందం. పొడవు తగ్గే కొద్దీ ఖాళీ స్పెక్ట్రం ఎక్కువ దొరుకుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది. కానీ గోడ, ఆకు, వాన, మనిషి చెయ్యి, ఏది అడ్డొచ్చినా ఆగిపోతుంది. ఏటూరునాగారం అడవిలో టేకు ఎండాకాలం మోడుగా ఉంటుంది, వానకాలం చేటంత ఆకులు వేస్తుంది. మూరెడు తరంగం ఆ ఆకుల మధ్య నుంచి కొంత నష్టంతో దూరిపోతుంది. గోరంత తరంగానికి తడిసిన టేకాకు గోడతో సమానం. ఈ చిన్న తరంగాలు కొత్తగా కనిపెట్టినవేమీ కావు. 1890ల్లోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటరు తరంగాలతో ప్రయోగాలు చేసి చూపించారు. వాటిని దూరం పంపడం అప్పుడూ కష్టమే.

అందుకే నాలుగైదేళ్ల కిందటి టెరాహెర్ట్జ్ హడావుడి, అంటే వందల గిగాహెర్ట్జ్ పైన ఉండే మరీ చిన్న తరంగాల మీది ఆశ, ఇప్పుడు తగ్గింది. చూపు 7 నుంచి 8 గిగాహెర్ట్జ్ మధ్యకు మళ్లింది. 2027లో జరిగే ప్రపంచ రేడియో సదస్సు పరిశీలించే పట్టీల్లో 4.4-4.8, 7.125-8.4, 14.8-15.35 గిగాహెర్ట్జ్ ఉన్నాయి. తరంగం పొడవు సగమైతే అదే పలక మీద నాలుగు రెట్ల యాంటెనాలు పడతాయి. ఇప్పటి 5జీ పెద్ద టవర్ల మీద కనిపించే పలకల్లో 64 దారులుంటే, రేపటి వాటిలో వందలు. లాంతరు వెలుగు నలుదిక్కులా పోతుంది, టార్చి వెలుగు ఒక్క చోటే పడుతుంది. యాంటెనాలు పెరిగే కొద్దీ టవరు లాంతరు నుంచి టార్చి అవుతుంది, ఒకేసారి పది వైపులా పట్టగల టార్చి. ఉన్న టవర్ల మీదనే పలక మార్చి కొత్త తరం నడపాలన్నది పరిశ్రమ ఆశ. హన్మకొండ చౌరస్తాకు అది బాగానే పనిచేస్తుంది. ఐదారు కిలోమీటర్లకు ఒక టవరున్న చోట మాత్రం మూరెడు తరంగానికి పోటీ లేదు.

జాప్యం, అంటే కబురు చేరడానికి పట్టే ఆలస్యం, గురించిన గొప్పలు కూడా ఒకసారి కొలిచి చూడాలి. 6జీలో రేడియో జాప్యం ఒక మిల్లీసెకను నుంచి అందులో పదో వంతు దాకా ఉండాలని లక్ష్యం. హైదరాబాద్‌లో కూర్చున్న సర్జన్ ములుగులో ఆపరేషన్ చేసినట్టు బొమ్మలు గీస్తుంటారు. గాజు తీగలో కాంతి ఒక మిల్లీసెకనులో పోయేది 200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ములుగు ఇంచుమించు అంతే. పోయి రావడానికే రెండు మిల్లీసెకన్లు, మధ్యలో రూటర్లు తినేది వేరే. ఏ తరం వచ్చినా కాంతి అంతకన్నా వేగంగా పోదు. నిజంగా ఒక్క మిల్లీసెకనులో జవాబు రావాలంటే లెక్క చేసే కంప్యూటరే వరంగల్‌లోనో ములుగులోనో ఉండాలి. మడికొండ ఐటీ పార్కు పక్కన చిన్న డేటా సెంటరు ఉంటే ఆ జవాబు ఊళ్లోనే తయారవుతుంది. పైగా మనిషి చేతికి రెండు మిల్లీసెకన్లకూ పదికీ తేడా పెద్దగా తెలియదు. లైను తెగితే మాత్రం వెంటనే తెలుస్తుంది.

వేగం, జాప్యం పక్కన పెట్టి చివరి మడికి వస్తే, అక్కడ అడ్డం పడేది చాలాసార్లు టవరు కాదు, ఫోను. దండోరా వేసినప్పుడు డప్పు ఊరవతలికి వినపడుతుంది. ఊరవతలి మనిషి ఇచ్చిన జవాబు డప్పు కొట్టేవాడికి వినపడదు. టవరు పదుల వాట్ల శక్తితో అరుస్తుంది. ఫోను జవాబిచ్చేది 0.2 వాట్లతో. బ్యాటరీకీ, చెవి పక్కన పెట్టుకునే మనిషికీ అంతకు మించి తగదు. కాబట్టి గూడెంలో ఒక గీత కనిపిస్తూ, ‘హలో హలో’ అన్న మాట మాత్రం అవతలికి పోని పరిస్థితి వస్తుంది.

ఈ చిక్కు మీద గట్టిగా పనిచేసిన చోటు తెలంగాణలోనే ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్. 5జీ ప్రమాణాలు రాసేటప్పుడు పల్లె ప్రాంతాల పరీక్షకు ఐటీయూ మొదట పెట్టుకున్న లెక్కలో టవరుకూ టవరుకూ మధ్య దూరం 1.732 కిలోమీటర్లు. మన దేశంలో ఫైబర్ ఉన్న పంచాయతీలో టవరు వేసి చుట్టుపక్కల ఊళ్లన్నింటినీ అందుకోవాలంటే ఆ దూరం ఆరు కిలోమీటర్లు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ వాదించింది. ఐటీయూ ఆ పరీక్షను చేర్చింది. దూరం 1.732 నుంచి ఆరుకు పెరిగితే ఒక్కో టవరు ఏలే నేల 12 రెట్లవుతుంది. అంటే పన్నెండు టవర్ల చోట ఒకటి. ఒక మండలంలో ఖర్చు ఎంత తేడా వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అంత దూరం నుంచి ఫోను గొంతు వినపడేలా చేసిన ఉపాయం, ఫోను పంపే తరంగం ఆకారాన్ని మార్చడం. మామూలు పద్ధతిలో తరంగంలో ఉన్నట్టుండి ఎత్తైన శిఖరాలు వస్తాయి. ఆ శిఖరాలకు చోటు మిగల్చడం కోసం ఫోనులోని యాంప్లిఫయరు తన పూర్తి శక్తి వాడకుండా తగ్గి పనిచేస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం ముందుకు తెచ్చిన పద్ధతిలో శిఖరాలు దాదాపు చదునవుతాయి. ఉన్న 0.2 వాట్లూ పూర్తిగా వాడుకోవచ్చు. ఈ మార్పులతో వచ్చిన ‘5జీఐ’ని ఐటీయూ 2021లో ప్రచురించిన 5జీ సాంకేతికతల జాబితాలో ఒకటిగా చేర్చింది. దేశంలోని టెలికాం కంపెనీలు మాత్రం దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు. ప్రపంచమంతా ఒక రకం ఫోను, మనకొక్కరికే ఇంకో రకం అంటే ధర పెరుగుతుందన్నది వాళ్ల భయం. అందులో న్యాయం ఉంది. చివరికి రాజీ కుదిరి, 5జీఐలోని ముఖ్యమైన అంశాలు 3జీపీపీ 17వ విడుదలలో కలిసిపోయాయి. జెండా ఎగరేసుకునే అవకాశం పోయిందని కొందరు నొచ్చుకున్నారు గానీ, ప్రపంచం మొత్తం వాడే పుస్తకంలో మన పల్లె లెక్క ఎక్కడమే ఎక్కువ లాభం. 6జీలోనూ అదే దారి పనికొస్తుంది.

ఆ చివరి మడిలో అవసరం ఎంతంటే, రేషన్ షాపు ముందు నిలబడి చూస్తే చాలు. డీలరు మిషను మీద వేలు పెట్టిస్తాడు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. మిషను చేత్తో ఎత్తి పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు, వేపచెట్టు కిందికి వస్తాడు. లైన్లో నిలబడ్డ ముసలామె సంచి మడతపెట్టి చంకలో పెట్టుకుంటుంది. ఆ వేలిముద్ర పోవాల్సింది కొన్ని కిలోబైట్లు. దానికి 200 గిగాబిట్లు అక్కర్లేదు, 2జీ కాలపు వేగమే చాలు, తెగకుండా ఉంటే. ఉపాధి పనికాడ హాజరు ఫొటోలు ఎక్కించడానికి గుట్ట ఎక్కిన మేటుకూ కావలసింది అంతే.

6జీ కొత్త వాగ్దానాల్లో ఈ నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది పసిగట్టే గుణం. టవరు నుంచి పోయిన తరంగం దేనికో తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వనిని చదివితే అక్కడేముందో తెలుస్తుంది. రాడార్ పని అదే. ఒకే పరికరం మాటలూ మోయాలి, రాడార్‌గానూ ఉండాలన్నది 6జీ ఆలోచన. దీనికి ముందు మెట్టు ఇప్పటికే ఉంది. ఫైబర్ లేని చోట టవరుకూ టవరుకూ మధ్య గుండ్రటి డిష్‌లతో మైక్రోవేవ్ లింకు నడుస్తుంది. వాన పడితే ఆ లింకులో శక్తి తగ్గుతుంది, వాన ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. ఇంజినీరుకు అది తలనొప్పి. 2006లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ తలనొప్పినే వానమాపకంగా వాడవచ్చని చూపించారు. 2013లో నెదర్లాండ్స్‌లో దాదాపు 2,400 లింకుల నష్టాన్ని బట్టి దేశమంతటి వాన పటం గీశారు.

దీన్ని 2023 జులై పక్కన పెట్టి చూడాలి. ఆ నెల 27 ఉదయానికి ముగిసిన ఒక్క రోజులో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకు ముందెన్నడూ నమోదు కాని వాన అది. అదే తెల్లవారి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మోరంచవాగులో మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, హెలికాప్టర్లు వచ్చాయి. వాగు ఎగువన వాన ఎంత పడుతోందో నిమిష నిమిషానికీ తెలిస్తే దిగువ ఊరికి కొన్ని గంటల సమయం దొరుకుతుంది. వానమాపకం మండలానికి ఒకటో రెండో ఉంటే, టవర్ల మధ్య లింకులు అంతకన్నా చాలా ఎక్కువ. దీనికి 6జీ దాకా ఆగక్కర్లేదు. కంపెనీల దగ్గర ఇప్పుడున్న లింకుల లెక్కలు వాతావరణ శాఖకు చేరితే ఇవాళే పని మొదలవుతుంది. అయితే ఒక మెలిక ఉంది. వాన మరీ ముంచెత్తితే లింకే చచ్చిపోతుంది, కరెంటు పోతే టవరు బ్యాటరీ కొన్ని గంటలకు మించి ఆగదు. సరిగ్గా కావలసిన గంటలో కళ్లు మూసుకునే కాపలాదారు అవుతుంది. బ్యాటరీల ఖర్చు ఎవరు పెడతారన్నది 6జీ పత్రాల్లో ఉండని ప్రశ్న.

సింగరేణి బాయి దిగిన కార్మికుడి కథ వేరు. భూమి లోపలికి ఏ టవరు మాటా దిగదు, జీపీఎస్ రాదు. గని లోపలి దారి, అంటే గ్యాలరీ, తిన్నగా ఉన్నంతసేపు రేడియో తరంగం గొట్టంలో పోయినట్టు పోతుంది, బొగ్గు పిల్లరు దగ్గర మలుపు తిరిగితే ఆగిపోతుంది. మనిషి ఎక్కడున్నాడో 1 నుంచి 10 సెంటీమీటర్ల తేడాలో చెప్పాలన్న 6జీ లక్ష్యం కప్పు కూలిన రోజున ఎంత విలువైందో గోదావరిఖనిలో ఎవరినడిగినా చెబుతారు. కానీ ప్రతి మలుపులోనూ పరికరం పెట్టాలి, అది మీథేన్ ఉన్న చోట నిప్పురవ్వ రాలనిది కావాలి.

మళ్లీ పైకొస్తే, టవరు వెనకాల ఫైబర్ లేకపోతే ముందు ఏ తరం పలక బిగించినా ఒకటే. గొట్టం సన్నగా ఉంటే ట్యాంకు పెద్దదై లాభం లేదు. మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేయాలన్న టీ-ఫైబర్ ఆలోచన అందుకే తెలివైనది. ఒక తవ్వకానికి రెండు ఫలాలు. వేసిన తీగను కాపాడుకోవడం ఇంకో పని. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ బకెట్ ఒక్కసారి దిగితే మూడు మండలాలు మూగబోతాయి. ఆ తీగ మళ్లీ అతికే దాకా ఎన్ని రోజులన్నదే అక్కడి అసలు జాప్యం, మిల్లీసెకన్లు కాదు.

ఫైబరూ టవరూ రెండూ రాని గూడేలకు ఉపగ్రహం ఆశ చూపిస్తోంది. పాత ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల పైన ఉండేవి, మాట పోయి రావడానికే అర సెకను పట్టేది. స్టార్‌లింక్ వంటివి 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. స్టార్‌లింక్‌కు మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. మామూలు ఫోనే నేరుగా ఉపగ్రహంతో మాట్లాడే పద్ధతి 2022లో ఖరారైన 3జీపీపీ 17వ విడుదలతో ప్రమాణాల్లోకి వచ్చింది. 6జీలో అది మొదటి నుంచే భాగంగా ఉండబోతోంది. మొదట నమ్మకంగా పనిచేసేది మెసేజీ, తర్వాత మాట. టేకు నీడలో కాదు, ఆకాశం కనపడే చోట. పాము కరిచిన రాత్రి 108కి ఒక్క మెసేజీ పోతే చాలు కదా. అయితే ఉపగ్రహం నుంచి పడే ఒక్కో సెల్ పదుల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, అందులోని వాళ్లంతా ఉన్నది పంచుకోవాలి. అందని చోటికి అది మందు. చాలని చోటికి కాదు.

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, 2030లోనూ ఉంటుంది. 6జీ అనుకున్న సమయానికే వచ్చినా ఆ మాఘమాసం నాటికి జనం జేబుల్లో ఉండేవి ఎక్కువగా ఇప్పుడు కొంటున్న 4జీ, 5జీ ఫోన్లే. గద్దెల చుట్టూ ఎన్ని తాత్కాలిక టవర్లు దించారు, వాటి వెనక తాడ్వాయి దాకా ఎంత ఫైబర్ లాగారు అన్నదాన్ని బట్టే తమ్ముడి కాల్ అక్కకు పోతుంది. మైకు సెట్ల వాళ్లకు ఆ ఏడూ బేరం తగ్గకపోవచ్చు.